ముప్పై కిలోమీటర్ల పైనుంచి అత్త పొలంలోకి

నేను సిరిసిల్ల నుంచి మొదటిసారి ఒక్కదాన్నే బస్సెక్కడానికి కారణం ఒక తెల్ల డబ్బా. శనివారం సాయంత్రం మేనత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మా పొలంల మీదికెల్లి ఏందో పడ్డది. ఎర్రలైటు మిణుకుమంటున్నది. నాటేసేటోళ్లు అడుగు పెడ్తలేరు. ఇంగ్లీషు సదువుతున్నవ్ గదా, జర అచ్చి సూడు." అత్త పంపిన ఫొటో చూశాను. థర్మోకోల్ డబ్బా, పొడవాటి దారం, చిరిగిన రబ్బరు. మా సైన్స్ పుస్తకంలో ఉన్న వాతావరణ బెలూన్ లాగే ఉంది. అమ్మతో అత్త రమ్మందని మాత్రమే అన్నాను. డబ్బా సంగతి తెలిస్తే గడప దాటనివ్వదు. నాకెంత భయంగా ఉందో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఆరున్నరకు జగిత్యాల బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, పైసా కట్టక్కర్లేదు. రెండు గంటల ప్రయాణం. జగిత్యాల బస్టాండులో ముప్పై రూపాయలకు ఇడ్లీ తిని, కోరుట్ల బస్సు పట్టుకున్నాను. అది గంటలోపే చేరుస్తుంది. అక్కడి నుంచి మల్లాపూర్ వైపు షేర్ ఆటోకు నలభై. ఊరి పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "గా బాంబు పడ్డకాడికా? ఊరి బయట్నే దింపుత. నా ఆటో కొత్తది," అన్నాడు. ఊరి బయట దిగి పొలానికి నడిచాను.

పొలం గట్టు మీద ఎనిమిది మంది ఆడవాళ్లు నారు కట్టలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అత్త నా చెవిలో అంది, "ఇయ్యాల నాటు పడకుంటే రేపు వీళ్లు వేరేటోళ్ల పొలానికి పోతరు. నారు ముదురుతున్నది." అందరిలోకి పెద్దది రాజవ్వ. "లైటు ఆరిపోయింది గని, సచ్చినట్టు జేస్తున్నదేమో! సదువుకున్న పిల్లను ముందుగాల ముట్టుకోనియ్యి, మేం తర్వాత దిగుతం," అంది.

మోకాలి లోతు బురదలో దిగాను. డబ్బా మీద ఇంగ్లీషులో వాతావరణ పరికరం, ప్రమాదం లేదు అని రాసి ఉంది. రెండుసార్లు చదివినా చెయ్యి ముందుకు పోలేదు. చివరికి కళ్లు మూసుకుని లేపాను. నా టిఫిన్ బాక్సు కంటే తేలిక. గట్టుకు తెచ్చి, ఇది బాంబు కాదు, వాతావరణం కొలవడానికి బెలూన్ పైకి మోసుకుపోయే డబ్బా అని చెప్పాను.

"ఎంత మీదికి పోయింది?" అని రాజవ్వ అడిగింది.

"ముప్పై కిలోమీటర్లు ఉంటది అవ్వా. ఈడికెల్లి జగిత్యాలంత."

"గంత దూరమా! దీనికి గూడ జీరో టికెట్టేనా?"

నవ్వులు ఆగాక తెలిసినంత చెప్పాను. మబ్బులు, వానలు దాదాపు అన్నీ అడుగు పొర ట్రోపోస్ఫియర్‌లోనే. పైకి పోయేకొద్దీ చలి. దాని మీది స్ట్రాటోస్ఫియర్‌లో ఎండ విషాన్ని ఆపే ఓజోన్ ఉంటుంది. అక్కడ గాలి పలచబడి, బెలూన్ ఉబ్బి ఉబ్బి పగులుతుంది. రాలే చుక్కలు కాలేది ఇంకా పైన, మెసోస్ఫియర్‌లో. గాలిలో నూటికి ఇరవై ఒక్క పాళ్లే ఆక్సిజన్, డెబ్బై ఎనిమిది నైట్రోజన్.

"నైట్రోజన్ అంటే నత్రజనే గదా? యూరియాల ఉండేదా?" అంది అత్త.

"అదే అత్తా."

"గాలి నిండ యూరియా పెట్టుకొని మమ్ముల ఒక్క బస్తాకు లైన్ల నిలవెడ్తున్నరా!" అంది రాజవ్వ. గాలిలోది వరి నేరుగా తీసుకోలేదని నేను చెప్పేలోపే చీర ఎగ్గట్టి ముందుగా తనే బురదలో దిగింది. వెనకే మిగతావాళ్లు.

మధ్యాహ్నానికి సగం పొలం పచ్చబడింది. భయం పోయాకే ఏ పనైనా చేయగలనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి, కానీ అందరూ డబ్బానే చూశారు, చేతుల్ని కాదు. వణికే చేతుల్లోనే అది గట్టుకు చేరింది, నాటు మొదలైంది.

మీ ఊళ్లోనూ ఇలాంటిది పడితే కాల్చకండి. పశువుల కాళ్లకు చుట్టుకోకుండా దారం చుట్టేసి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. కరెంటు తీగల మీద పడితే మాత్రం దగ్గరికే పోవద్దు.