తిప్పమ్మ మీటర్లో ఎర్ర లైటు

తిప్పమ్మ ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళెవరూ పూర్తిగా చల్లబడి లేచింది లేదు. వచ్చినవాళ్ళు నుదుటి చెమట తుడుచుకోగానే ఆమె లేచి స్విచ్చి కట్టేస్తుంది. "గాలొచ్చింది కదప్పా, చాల్లే" అంటుంది. పెనుకొండలో మా వీధిలో ఆమెకు స్విచ్చి తిప్పమ్మ అని పేరు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నీళ్ళ దగ్గరా అంతే. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలిసారి కడుగుతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోతాయి. పక్కింటి మేడ మీద ట్యాంకు నిండి పొర్లితే, ఆ ధార పడేచోట గోడవారగా ఒక బాన పెట్టుకుంది. "వాళ్ళు పారబోస్తారు, నేను పట్టుకుంటా. దీనికేమన్నా దుడ్లు కట్టల్లనా?" అని మురిసిపోయేది.

ఆ పక్కిల్లు ఆమె మరిది రంగప్పది. ఇరవై రెండేళ్ళ కిందట అన్నదమ్ములు ఒకే ఇంటిని నడుమ గోడ కట్టి పంచుకున్నారు. దక్షిణం పక్క భాగంలో తిప్పమ్మ, ఆమె భర్త మద్దిలేటి. ఉత్తరం పక్క రంగప్ప, అతని భార్య నల్లమ్మ, కొడుకు యువరాజ్. మద్దిలేటి పోయి ఎనిమిదేళ్ళయింది. కూతురు ప్రమీల ధర్మవరంలో పట్టుచీరలు మడతలు పెట్టే పనికి పోతుంది, ఆమె సంపాదన ఆమెకే చాలదు. తిప్పమ్మ బతికేది వితంతు పింఛను మీద.

రెండు ఎండాకాలాల కిందట ఆమె కరెంటు బిల్లు పెరగడం మొదలైంది. మూడు బల్బులు, ఒక ఫ్యాను, ఒక పాత ఫ్రిజ్ ఉన్న ఇంటికి నెలకు నూట ఎనభై యూనిట్లు వచ్చింది. ఆమె వాకిట్లో బల్బు తీసేసింది. రెండు వందల నలభై వచ్చింది. ఫ్రిజ్ అమ్మేసింది. మూడు వందల ఇరవై వచ్చింది. పొదుపు చేసేకొద్దీ బిల్లు పెరుగుతుంటే మనిషికి పిచ్చెక్కాలి. తిప్పమ్మకు పిచ్చెక్కలేదు, అనుమానం పట్టుకుంది.

మొదటి అనుమానం మీటరు చూసే గిరి మీద.

"ఏమప్పా గిరీ, ఆ మిషన్లో అంకెలు నువ్వే ఏస్తాండావా?"

"నేనెందుకేస్తానవ్వా? మీటరుకు ఫోటో తీస్తే అదే ఏసుకుంటాది."

"ఎవురి ఫోటో తీస్తాండావో, ఎవురి పేరుకు ఏస్తాండావో!"

గిరి నవ్వుకుంటూ చీటీ చించి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు మేమందరం నవ్వాం. ఆమె అన్న మాటలో నిజం ఉందని ఎవరికీ తట్టలేదు.

రెండో అనుమానం నా మీద. మా ఇంటి టీవీ కేబులు ఆమె గోడ మీదుగా పోతుంది. ఒక రోజు మధ్యాహ్నం దాన్ని పీకి చుట్టచుట్టి మా గడప ముందు పడేసింది. "నా కరెంటు మీ ఇంట్లోకి పోతాండాది. నువ్వు పుస్తకాలు సదివేది నా లైటు కిందనే కదబ్బా?" అంది వీధంతా వినేలా. నేను దొంగతనం చేయగలిగినవాణ్ణయితే పెనుకొండలో ఎందుకుంటాను? ఒళ్ళు మండిపోయింది. ఆమెతో మాటలు మానేశాను.

జూన్ నెలలో మా వార్డు సచివాలయం నుంచి ఆమెకు ఒక కాగితం వచ్చింది. చదివిపెట్టడానికి వీధిలో వేరే దిక్కు లేక నా దగ్గరికే తెచ్చింది. ఆరు నెలల సగటు వాడకం మూడు వందల యూనిట్లు దాటింది కాబట్టి ఆమె పింఛనుకు అర్హురాలు కాదని, పదిహేను రోజుల్లో ఆధారాలతో అర్జీ పెట్టుకోకపోతే వచ్చే నెల నుంచి ఆపేస్తామని అందులో ఉంది. చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. కాగితాన్ని వెనక్కి తీసుకుని, నేను సరిగ్గానే చదివానా లేదా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

ఆమె ఎంత తక్కువ కరెంటు వాడుతుందో వీధంతా సాక్ష్యం చెప్పగలదు. కానీ కంప్యూటరుకు వీధి కనిపించదు, అంకె కనిపిస్తుంది.

"ఇంట్లో మెయిన్ కట్టేసి, బయటికొచ్చి మీటరు సూడు" అన్నాను. నా దొంగతనం సంగతి తేలాలని కూడా నా లోపల ఉంది.

రెండిళ్ళ మీటర్లూ ముందు గోడకు ఒకే చెక్క మీద పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద మద్దిలేటి సర్వీసు నంబరు, రెండోదాని మీద రంగప్పది, తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి. తిప్పమ్మ మెయిన్ కట్టేసి వచ్చింది. ఇంట్లో ఒక్క తీగలోనూ కరెంటు లేదు. మద్దిలేటి మీటర్లో ఎర్ర లైటు మాత్రం టకటకా మిణుకుమంటూనే ఉంది.

ఆమె మా కేబులు పోయినచోటు వైపు చూసింది, తర్వాత నా వైపు.

పంపకాలప్పుడు ఆ ఇంటికి వైరింగు చేసిన ఎర్రిస్వామి ఇప్పుడు హిందూపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఫోన్ చేసి బతిమాలితే రెండో రోజు బస్సు దిగి వచ్చాడు. మీటర్లు చూశాడు, ఇల్లు చూశాడు, మళ్ళీ మీటర్లు చూశాడు.

"ఏమ్మా, మద్దిలేటన్న భాగం ఉత్తరం పక్కది కదా? నువ్వు ఈడుండావేంది?"

"చీట్లేసినప్పుడు మాకు ఉత్తరమే వచ్చింది. పెద్దోడు దక్షిణం పక్క ఉండల్ల, చిన్నోడు ఉత్తరం పక్క ఉండల్ల, అట్ల కాకుంటే పెద్దోనికి అచ్చిరాదని మా అత్త పట్టుబట్టింది. వారం లోపలే ఇండ్లు మార్చుకుంటిమి."

"మీటర్లు?"

తిప్పమ్మ గోడ మీది చెక్క వైపు తిరిగి చూసింది.

చీట్లు వేసిన రోజే ఎర్రిస్వామి మీటర్లు బిగించి పోయాడు. తర్వాత పొయ్యిలు మారాయి, మంచాలు మారాయి, దేవుడి పటాలు మారాయి. గోడ మీది మీటర్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అప్పట్లో రెండిళ్ళలోనూ రెండేసి బల్బులే కాబట్టి ఎవరి బిల్లు ఎవరు కట్టినా తేడా తెలియలేదు.

"నీ మీటరు సూడొద్దు, పక్కది సూడు" అన్నాడు ఎర్రిస్వామి. మెయిన్ వేయించాడు, రంగప్ప మీటర్లో లైటు మిణుకుమంది. కట్టించాడు, ఆరిపోయింది. ఉత్తరం పక్క మేడ మీద ఏసీ గుర్రుమంటోంది. దాని లెక్కంతా మద్దిలేటి మీటర్లో పడుతోంది. తిప్పమ్మ రెండేళ్ళుగా కట్టేసిన ప్రతి స్విచ్చీ రంగప్ప బిల్లును తగ్గించింది. గోడవారన బాన పెట్టి పట్టుకున్న నీళ్ళను మేడ మీదికెక్కించిన మోటారు కూడా ఆమె బిల్లుతోనే తిరిగింది.

వాళ్ళకు తెలియక జరిగిందనే ఆ పూట అనుకున్నాను. తిప్పమ్మ అనుకోలేదు. అరుగు మీద కూర్చుని అడిగింది: "రెండేండ్ల కిందట నేను బుక్కపట్నంలో మా అక్క దగ్గర నెల దినాలు ఉంటి కదా. అప్పుడు నా బిల్లు ఎవురు కట్టిరి?"

నాకూ గుర్తొచ్చింది. బిల్లు కట్టలేదని కరెంటువాళ్ళు ఆమె సర్వీసు తీసేశారు. ఆమె ఊరి నుంచి రాకముందే యువరాజ్ పరుగెత్తుకుపోయి కట్టేశాడు. ఆమె తిరిగొచ్చి, అట్లాంటి కొడుకు ఉండాలని వీధంతా చెప్పుకుంది. తాళం వేసిన ఇంటికి కరెంటు పోతే వాడికేం తొందర? ఆ రోజు చీకటైంది వాడి ఇల్లు. అంటే వాడికి ఆ రోజే తెలిసింది. మేడ మీద ఏసీ వచ్చింది ఆ తర్వాతి నెలలో. నవ్వుతూ సాయం చేసేవాళ్ళ మీద నాకున్న అనుమానం అప్పటినుంచి ఇంకా ముదిరింది.

మీటర్లు సరిచేయాలంటే రెండు సర్వీసుల వాళ్ళూ అర్జీ మీద సంతకం పెట్టాలన్నారు కరెంటు ఆఫీసువాళ్ళు. కాగితం రాసుకుని తిప్పమ్మతో పాటు పక్కింటికి వెళ్ళాను. రంగప్ప లోపల పడుకుని ఉన్నాడు. యువరాజ్ గుమ్మం దాటనివ్వలేదు.

"మీటర్లు కరెక్టుగానే ఉండాయి పెద్దమ్మా. నీ ఇంట్లోనే యాడో లీకేజీ ఉండాది. ఆ ముసిలోని మాట పట్టుకుంటావా?"

"అంటే నీ మీటరు నీదే, నా మీటరు నాదే. అంతేనా నాయనా?"

"అంతే."

"నల్లమ్మా, నువ్వు కూడా ఇన్నావు కదా?"

నల్లమ్మ చీర కొంగు సవరించుకుంటూ గోడ వైపు తిరిగింది. "నాకేం ఎరికెక్కా, అవన్నీ వాడే సూసుకుంటాడు" అంది. వాళ్ళ భయం నాకు తెలుసు. మీటర్లు మారితే ఆ మూడు వందల యూనిట్లు రంగప్ప పేరు మీదికి వస్తాయి, అతని వృద్ధాప్య పింఛను పోతుంది.

గడువుకు ఇంకా పది రోజులుంది. మర్నాడు తెల్లారేసరికి తిప్పమ్మ మా గడప దగ్గర నిలబడింది.

"మీ ఇంట్లో కరెంటు పొయ్యి ఉండాది కదబ్బా, ఇయ్యి."

ఇంకొకటి టీ కొట్టు నుంచి తెచ్చింది. ఎర్రిస్వామి లావు తీగలు వేసిపెట్టి మరీ హిందూపురం బస్సెక్కాడు. రెండు పొయ్యిలూ పొద్దున్నే వెలిగాయి. జన్మలో ఒక్క యూనిట్ పారబోయని మనిషి, ఖాళీ పొయ్యి ఎర్రగా కాలుతుంటే చూడలేకపోయింది. రెండు నిమిషాలు చూసి లేచి, దాని మీద నీళ్ళ గుండిగ పెట్టింది. వీధిలో అందరినీ కేకేసింది. "వేణ్ణీళ్ళు పట్టుకుపోండమ్మా, ఊరికే!" ఆ వారమంతా మా వీధిలో పిల్లా జెల్లా వేణ్ణీళ్ళు పోసుకున్నారు. శెనక్కాయ బుడ్డలు ఉడికాయి. ఎవరింట్లోనో బాలింతరాలికి కాపడం నీళ్ళు కూడా అక్కణ్ణుంచే పోయాయి.

"నీకేమైంది తిప్పమ్మా, లాటరీ తగిలిందా?" అని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, "నా మీటరు నాదే అన్నారు. నా ఇష్టం" అనేది. మీటరు మాత్రం గంటకోసారి చూసి వచ్చేది, పక్కది.

మోకాళ్ళ నొప్పులున్న రంగప్ప కూడా రోజూ చెంబు పట్టుకుని వచ్చేవాడు. "కాళ్ళకు శానా హాయిగా ఉండాది వదినా" అనేవాడు. ఆమె చెంబు నిండా పోసేది.

ఆరో రోజు యువరాజ్ మీటర్ల చెక్క ముందు నిలబడి, అంకెలు చూసి, ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"ఏం పని పెద్దమ్మా ఇది? పగలంతా రెండు పొయ్యిలా?"

"నా ఇంట్లో నేను పొయ్యి పెట్టుకుంటే నీకేమప్పా? బిల్లు నాకే వస్తాది కదా."

అరుగు మీద కాళ్ళకు కాపడం పెట్టుకుంటున్న రంగప్ప తలెత్తి ఇద్దరినీ చూశాడు.

"ఏందిరా? వదిన బిల్లుతో నీకేం పని?"

అప్పుడు నేనే చెప్పాను, చీట్ల దగ్గర నుంచి ఏసీ దాకా. రంగప్ప చెంబులోని నీళ్ళు చూసుకున్నాడు.

"అంటే ఇన్ని దినాలూ నేను పోసుకున్నది నా బిల్లు నీళ్ళేనా వదినా?"

"అవును మరిదీ. నేను రెండేండ్లు బానలో పట్టుకున్నెవి నావి."

ముసలాయన ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కొడుకు వైపు చూశాడు. "సర్వీసు నా పేరుతో ఉండాది. కాగితం యాడుంది? తే" అన్నాడు. యువరాజ్ "నాయనా, పింఛను..." అని ఏదో అనబోయాడు. "ఏసీ నీ చేతిలో ఉండాది, కట్టేసుకో" అని రంగప్ప నా పెన్ను అందుకుని సంతకం పెట్టాడు.

మూడు రోజులకు కరెంటువాళ్ళు వచ్చి తీగలు మార్చి కాగితం ఇచ్చారు. గడువుకు ఒక్క రోజు ముందు దాన్ని అర్జీకి కుట్టి సచివాలయంలో ఇచ్చాము. ఒకటో తేదీ పొద్దున తిప్పమ్మ పింఛను ఆమె చేతికొచ్చింది. రంగప్ప పింఛను ఆగకూడదంటే ఇక ఆరు నెలల సగటు యువరాజ్ చూసుకోవాలి. ఇప్పుడు గోడ అవతల నుంచి "ఆ ఫ్యాను కట్టెయ్ మా" అని వాడి కేకలు వినిపిస్తున్నాయి. ట్యాంకు పొర్లడం లేదు, బాన ఎండిపోయింది.

మా కేబులు సంగతి ఆమె ఎత్తలేదు. నేనే మళ్ళీ గోడ మీదుగా వేసుకున్నాను.

మొన్న మధ్యాహ్నం పిలిచింది. మెయిన్ కట్టేసి వచ్చి మీటరు ముందు నిలబడింది. ఎర్ర లైటు ఆరిపోయి ఉంది. లోపలికి పోయి వేసింది, మిణుకుమంది. మళ్ళీ పోయి కట్టేసింది, ఆరింది. నేను ఇంక వెళ్ళొచ్చా అన్నట్టు చూశాను. ఆమె మీటరు అద్దానికి ముఖం ఆనించి, కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది.

"ఏమబ్బా," అంది మెల్లగా, "దీంట్లో బల్బు పోలేదు కదా?"