అక్కకు వచ్చిన కొత్త కోర్సు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా సందు గోడలు కనిపించేవి కావు. ఒకదాని మీద ఒకటి అన్నీ కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. సందులో తిరిగే ప్రతి మనిషికీ ఏదో ఒకటి 'వచ్చు'. ఒకరికి జావా వచ్చు, ఇంకొకరికి సీ ప్లస్ ప్లస్ వచ్చు. పక్కింటాయనకు మాత్రం రెండేళ్లుగా ఏదీ రావడం లేదని అందరికీ తెలుసు.

మా సొంతూరు సిరిసిల్ల. అమ్మ ముందు గదిలో బట్టలు కుట్టేది. మేడమీది గదిలో భీమవరం నుంచి కోర్సు నేర్చుకోవడానికి వచ్చిన అక్క అద్దెకుండేది. ఆ అక్కంటే నాకు పిచ్చి. అట్టముక్క మీద కీబోర్డు గీసి, దాని మీద నా పేరు కొట్టడం నేర్పింది. పైగా మహా భక్తురాలని సందంతా పేరు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శుక్రవారం లక్ష్మికి, శనివారం వెంకన్నకి ఉపవాసం. "మస్తు భక్తి పిల్ల" అంటూ అమ్మ నా వైపు చూసి నిట్టూర్చేది. నేను ఏ దేవుడి కోసమూ ఒక్క పూటైనా మానిన పాపాన పోలేదు మరి.

ఆ ఉపవాసాల లాభమంతా నాదే. మెస్సు నుంచి వచ్చే డబ్బా అక్క నాకిచ్చేసి, అమ్మకు చెప్పొద్దనేది. నేనెందుకు చెప్తాను? బడి వదలగానే ఎగురుకుంటూ మెట్లెక్కేదాన్ని.

ఆ ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మకు బోనమెత్తాం. అక్క కోసం అమ్మ ఉగాదినాటి కొలతలతో కొత్త డ్రెస్సు కుట్టింది. ఆ పొద్దున అక్క వేసుకుంటే అది వేలాడింది. అమ్మ కొలిచింది. టేపు తప్పేమోనని ఇంకో టేపు తెచ్చి మళ్లీ కొలిచింది. రెండు వైపులా కుట్టు లోపలికి వేసింది. మిగిలిన బట్ట మాత్రం కత్తిరించలేదు.

డప్పుల చప్పుడు చెవుల్లో ఇంకా మోగుతుండగానే ఇంటికొచ్చి, అమ్మ బోనంలోని బెల్లమన్నం అందరికీ పంచింది. అక్క చేతిలోనూ ఒక ముద్ద పెట్టింది. "ఇవాళ ఉపవాసమండీ ఆంటీ" అంది, కళ్లనిండా నీళ్లతో. దేవుడి కోసం ఉపవాసమున్న మనిషి దేవుడి ప్రసాదమే వద్దనడం మేమెన్నడూ చూడలేదు. అమ్మ ఆ ముద్దను మెల్లగా వెనక్కి తీసుకుంది.

నేను వంటింట్లోకి పరుగెత్తి డబ్బాల సంగతంతా ఏడుస్తూ చెప్పేశాను. అక్క చచ్చిపోతే ఆ పాపం నేను తిన్న డబ్బాలదేననిపించింది. దెబ్బలు పడతాయనుకుంటే అమ్మ నా కళ్లు తుడిచింది. "నీ తప్పు గాదు బిడ్డా. ఆమె పానం బాగలేదు. మనమే భక్తి అనుకున్నం."

సన్నబడే పిచ్చి అన్నారు సందులో. రెండు తగిలించి తినిపించమన్నారు. అమ్మ ఎవరి మాటా వినకుండా, అక్కను ఒప్పించి పంజాగుట్టలో ఒక డాక్టరమ్మకు చూపించింది. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకున్నప్పుడు ఒకే ఒక్క మాట వినపడింది. అనోరెక్సియా. నాకు తెలిసి అలాంటి పేర్లన్నీ కోర్సులవే! డాక్టరమ్మ అక్క చదువు సంగతి కూడా చూసిందని నాకు పట్టరాని సంతోషమేసింది. మా సందు మొదలు రాగానే అమ్మ చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను. "మా అక్కకు అనోరెక్సియా వచ్చిందీ!"

పక్కింటాయన కళ్లు పెద్దవి చేశాడు. "అరె, గంత జల్దీ వచ్చిందా? నాకింకా జావానే వస్తలేదు!"

వెనక అమ్మ ముఖం పాలిపోయింది. అక్క మాత్రం గోడ పట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది. తర్వాత తనే, "చెప్పేయండి ఆంటీ" అంది. "గది కోర్సు గాదన్నా, జబ్బు" అంది అమ్మ. "తినాలంటే ఆమెకు భయమైతది. అద్దంల ఉన్నది ఉన్నట్టు కనవడది. కావాలని తెచ్చుకున్నది గాదు. జరమొచ్చినోళ్లను తిడ్తమా? గిది సుత అట్లనే." ఆ తర్వాత సందులో ఎవరూ తగిలించే మాట ఎత్తలేదు.

భీమవరం నుంచి అక్క వాళ్లమ్మ వచ్చి తోడుంది. నెలల తరబడి డాక్టరమ్మ దగ్గరికి తిరిగారు. ఒక వారం బాగుండేది, ఇంకో వారం మళ్లీ మొదటికొచ్చేది. నేను నా కంచం పట్టుకుని అక్క పక్కన కూర్చునేదాన్ని. ఆమె కంచంలోకి చూడకుండా బడి కబుర్లు చెప్పడమే నా పని.

మరుసటి ఉగాదికి అక్క ఆ బోనాల డ్రెస్సు పట్టుకుని కిందికి దిగింది. "ఆంటీ, పక్కల బిగుతుగా ఉంది. కొంచెం కుట్టు విప్పుతారా?" సంతోషంతో ఒక్క గెంతు గెంతి, "అక్కా, నువ్వు లావ..." అనబోయాను. అమ్మ అరచెయ్యి టపీమని నా నోటి మీద పడింది. అక్క ఒంటి గురించి అమ్మ ఒక్క మాటా అనలేదు. కుట్టు విప్పుతూ, "గీ రంగు నీకు మంచిగ ఒప్పుతది బిడ్డా" అంది, అంతే.

కనపడగానే "చిక్కిపోయావేంటి", "ఒళ్లు చేశావే" అనడం మనకు పలకరింపు. మా అమ్మాయి స్నేహితురాళ్లు ఇంటికొస్తే నాకూ ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే మిషన్ నూనె వాసనేసే ఆ అరచెయ్యి నా నోటి మీద పడుతుంది.