పాతరలో దించిన దీపం

మా చిన్నమ్మ ఏడేళ్ల పాటు దీపం ముట్టించలేదు. ముట్టించనివ్వలేదు అనడమే సరైన మాట. సందెవేళ ఇంట్లో ఎవరూ లేకపోతే ఆమె చీకట్లోనే కూర్చుని జొన్నలు చెరిగేది. అగ్గిపెట్టె చేతికందే గూట్లోనే ఉండేది. పొయ్యి మాత్రం ఆమే రాజేయాలి, ఎందుకంటే అందరికీ ఆకలవుతుంది కదా. మా ఇంటి ఆచారాలకు ఆమాత్రం తెలివి ఎప్పుడూ ఉండేది.

తాండూరు దగ్గర మా ఊళ్లో జొన్నలను పాతరలో దాచేవారు. మనిషి లోతును మించిన గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా గడ్డి వేసి, గింజలు పోసి, నాపబండ కప్పి మట్టితో మెత్తేవారు. తెరిచేనాడు అంచున దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ రోజంతా నోరు తెరిచి వదిలేవారు. పాతర ఊపిరి పీల్చుకోవాలనేవారు. ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయేవారు.

రజాకార్ల రోజుల్లో, లెవీ పేరుతో ధాన్యం ఎత్తుకుపోతారన్న భయంతో మా నాయనా, చిన్నమ్మ పెనిమిటి చిన్నాయనా కలిసి బర్రెల కొట్టంలోనే ఒక లోతైన దొంగపాతర తవ్వి, సగానికి జొన్నలు పోశారు. పైన పేడతో అలికి బర్రెలను కట్టేశారు. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం, ఇంట్లో గింజలు నిండుకున్నాక దాన్ని తెరిచారు. రాజ్యం పోయింది గానీ భయం పోలేదు. ఎవరి కంటనైనా పడుతుందని కొట్టం తలుపు మూసుకుని తెరిచారు. రోజంతా ఆగలేదు కూడా. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, ఆరోజు జ్వరం. మా అమ్మ చేనుకు పోయింది. అందుకని అంచున దీపం చిన్నమ్మ పెట్టింది. దీపం చక్కగా వెలిగింది. అది చూసి చిన్నాయన గంప తీసుకుని దిగాడు.

గంప నింపడానికి వంగినవాడు మళ్లీ లేవలేదు. అతని కోసం తాడు పట్టుకుని సగం దాకా దిగిన నాయన కళ్లు తిరిగి, ఎలాగో పైకొచ్చి పడ్డాడు. చివరికి చిన్నాయనను బావిలో పడ్డ బొక్కెనలు తీసే గాలంతో లాగారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తరువాత అదే గాలాన్ని కడిగి మళ్లీ బావికే వాడుకున్నారు.

దినాలు కాకముందే కారణం దొరికింది. చిన్నమ్మ ముట్టయి ఉండి దీపం పెట్టిందట. మైలచేతి దీపానికి మైసమ్మ ఆగ్రహించిందట. ఈ మాట మొదట అన్నది అవ్వ. కొడుకు పోయిన తల్లి నోటికి అడ్డం ఎవరు వెళ్తారు? "తలకు పోసుకున్న అత్తమ్మా, నాలుగోదినం అది," అని చిన్నమ్మ కొన్నాళ్లు చెప్పుకుంది. తరువాత మానేసింది. ఒకసారి నాకు జడ వేస్తూ, "నాలుగోదినమా, మూడోదినమా, నాకే యాదికొస్తలేదు బిడ్డా," అంది. పదిమంది పదిసార్లు అంటే చేయని తప్పు కూడా చేసినట్టే తోస్తుంది. ఆమెకు అదే జరిగింది.

నేను వికారాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదివాను. మా సైన్సు సారు కోపిష్టి. ముక్కు మీద ఉండాల్సిన కోపం ఆయనకు బెత్తం చివర ఉండేది. ఒకనాడు ఆయన గాజుగ్లాసులో సోడా ఉప్పు వేసి నిమ్మకాయ పిండాడు. నురగ అణిగాక, లోపలి రసం ఒలకకుండా గ్లాసును వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి వంచాడు. ఏమీ పడలేదు, కానీ కొవ్వొత్తి ఆరిపోయింది.

ఎందుకారింది అని అడిగాడు. గాలికి అని ఒకరన్నారు. కిటికీలు మూసి మళ్లీ చేశాడు, ఆరింది. మీరు ఊదారు అన్నాడొక గడుగ్గాయి. సారు మూతికి దస్తీ కట్టుకుని చేశాడు, ఆరింది. గ్లాసు మహిమేమో అన్నారు. గ్లాసు కడిగి ఆరబెట్టి ఉత్తదే వంచాడు. ఈసారి ఆరలేదు.

"ఒక్కటే మార్చాలె. కడమవన్నీ ఉన్నట్లే ఉంచాలె. గప్పుడే దొంగెవడో తెలుస్తది," అన్నాడు.

దొంగ బొగ్గుపులుసు వాయువు. కంటికి కనబడదు, గాలికన్నా బరువు, నీళ్లలాగా పల్లంలో నిలుస్తుంది. చెమ్మ తగిలిన గింజలను మూసిపెట్టినా పుడుతుంది. బావుల్లో, పాతరల్లో దిగేముందు దీపం దింపి చూడాలని, దీపం ఆరితే మనిషి దిగొద్దని ఆయన మామూలుగా, పాఠం చెప్పినట్టే చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

గంట కొట్టాక ఆయన దగ్గరికి వెళ్లి మా ఇంటి సంగతి చెప్పాను. ఆయన గ్లాసును దస్తీతో తుడిచి బల్ల మీద పెట్టాడు. తరువాత, "నువ్వనుకున్నది గూడ తప్పు కావచ్చు. తప్పయితే ఎట్ల తెలుస్తదో ముందుగాల ఆలోచించు. గప్పుడు దీపం దింపు," అన్నాడు.

ఆ ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చేసరికి నాయన కొట్టం కప్పు విప్పించి, పాతరను మట్టితో పూడ్చాలని చూస్తున్నాడు. చిన్నాయన పోయిననాడే దాన్ని మూసేశారు. ఆ గింజలు తినడానికి ఎవరికీ మనసొప్పలేదు. పూడ్చేముందు ఒకసారి దీపం దింపుదామని నాయనను అడిగాను. సగం దాకా దిగి వచ్చిన మనిషి కాబట్టి కాదనలేదు.

బండ తప్పించాక, ప్రమిదను అవ్వ చేతనే ముట్టింపజేశాను. దాన్ని బొక్కెనలో పెట్టి చేంతాడుతో దింపాం. చిన్నమ్మ ఇంటి గడపలో నిలబడి చూస్తోంది. నడుం లోతు దాటగానే, ఎవరో నోట్లో వేసుకున్నట్టు ఆరిపోయింది. మళ్లీ ముట్టించి దింపాం. అక్కడికి పోగానే మళ్లీ ఆరింది.

"చూసినవా అవ్వా, గీ దీపం నీ చేతిదే గదా," అన్నాను.

"అది ఇంట్లనే ఉన్నదిగదనే. దాని నీడ కొట్టింది," అంది అవ్వ.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చిన్నమ్మ ముట్టిస్తే మైల, ముట్టించకుంటే నీడ. ఏం జరిగినా ఓడిపోని మాట అది. తప్పయితే ఎట్ల తెలుస్తదో ఆలోచించమన్న సారు మాట అప్పుడు నాకు బాగా అర్థమైంది.

పాతరలో గాలి ఆడించాలి. జీతగాడు వేపమండలు తెస్తానన్నాడు, నేను వద్దన్నాను. వేపమండ తగిలితే దయ్యం పోయిందనే అంటారు, గాలి సంగతి గాలికే పోతుంది. అందుకని ఏ దేవుడికీ అక్కర్లేని కందికట్టె మోపు కట్టించాను. దాన్ని చేంతాడుతో పొద్దంతా పైకీ కిందికీ లాగారు. కప్పు లేదు, తలుపు తీసే ఉంది. రాత్రంతా అలాగే వదిలేశాం.

తెల్లారి చిన్నమ్మను పిలిచాను. ఆమె కొట్టం గడప దగ్గరే నిలబడిపోయింది. అవ్వ ఏదో అనబోతే నాయన, "ముట్టియ్యనియ్యే అమ్మా," అన్నాడు. చిన్నమ్మ అగ్గిపుల్ల గీసింది. మొదటిది ఆరింది, రెండోది అంటుకుంది. ప్రమిదను బొక్కెనలో తానే పెట్టింది. నాయన చేంతాడు వదులుతుంటే దీపం నడుం లోతు దాటింది, మనిషి లోతు దాటింది, గింజల మీద ఆనింది. అక్కడ కూడా నిలకడగా వెలిగింది. ఆ వెలుగులో బూజుపట్టిన జొన్నలు, వాటి మీద పక్కకు ఒరిగిన చిన్నాయన గంప కనిపించాయి.

అవ్వ లోపలికి తొంగిచూసి వెనక్కి జరిగింది. నేను గెలిచాననుకున్నాను. చిన్నమ్మ భుజం పట్టుకుని, "నీ చేతిల ఏం దోషం లేదు చిన్నమ్మా, చూసినవా," అన్నాను. ఆమె సంతోషిస్తుందని, కనీసం ఏడుస్తుందని అనుకున్నాను.

ఆమె గంపను చూస్తూనే అడిగింది.

"అయితే గాదినం నేను దీపం అంచుకు పెట్టకుంట, గిట్ల కిందికి దింపితే ఆయన బతుకుతుండెనా బిడ్డా?"

అబద్ధం చెప్పాల్సింది అని చాలామంది నాతో అన్నారు. కానీ అక్కడ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ముందురోజు ఆరినదీ, ఇప్పుడు వెలిగినదీ, ఆమె రెండు దీపాలూ చూసింది.

"బతుకుతుండె," అన్నాను.

ఆ సాయంత్రం అవ్వ తన చేత్తోనే గూట్లోని అగ్గిపెట్టె తీసి చిన్నమ్మ ముందు పెట్టింది. చిన్నమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఆ తరువాత కూడా, బతికినన్నాళ్లూ, ఎవరు ఎంత చెప్పినా ఆమె దీపం ముట్టించలేదు.