మెట్లు దిగి వచ్చిన దొర

"నవలల్లో మీకు నచ్చిన పాత్ర ఏది, ఎందుకు?" అని ఎవరైనా సరదాకు అడిగినా ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. ఒకప్పుడు ఆ ప్రశ్న మీద నా కొలువు నిలబడింది. ఆ కొలువు పోతే మా ఇంట్లో పొయ్యి వెలిగే దారి ఇంకొకటి లేదు.

మాది తాండూరు దగ్గర ఒక పల్లె. ఊరి నడుమ మా గడి, కోటలాంటి ఇల్లు, ఉండేది. ఆ వాకిట్లో చెప్పులు వేసుకొని నడిచినవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు, సిగ్గుపడీ చెప్పడం లేదు. ఉన్నది చెప్తున్నాను. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయిన రోజుల్లో ఒక పొద్దున జనం ఆ గడి మీదికి వచ్చారు. అప్పుడు నాకు పదిహేనేళ్లు, హైదరాబాదులో చదువుకుంటున్నాను. నేను తిరిగి వచ్చేసరికి గడికి తలుపులు లేవు. అమ్మానాన్నలు వికారాబాదులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నారు.

ఆ పొద్దున ఏం జరిగిందో అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది.

"మీ నాయిన తలుపు తానే తీసిండు. నెత్తికి రుమాలు సుట్టుకొని, మెట్లు దిగి, వాళ్ల నడిమిట్ల నుంచి నడిచిపోయిండు. ఒక్కడు నోరు మెదపలే."

నాన్న మాత్రం ఏమీ చెప్పలేదు. వికారాబాదులో ఆయన బతికిన రెండేళ్లూ వీధి తలుపు మూయనిచ్చేవారు కాదు. అనంతగిరి మీది నుంచి చలిగాలి నేరుగా గదిలోకి కొట్టినా, కుక్కలు లోపలికి వచ్చినా, "ఉండనీ, తెరిచే ఉండనీ" అనేవారు. అది దొరతనం అనుకున్నాను. ఎవరికో జడిసి మా తలుపు మూసుకోదని లోకానికి చెప్పడం అనుకున్నాను. వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం నేను ఆ తలుపు ఎదురుగా ఆయన్ను చూసే నేర్చుకున్నాను.

మా కాలంలో మగపిల్లలకు చదువంటే ఉర్దూ. లెక్కలు, చరిత్ర, అర్జీలు అన్నీ అందులోనే. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. ఆడవాళ్లకు బడి లేదు కాబట్టి, పురాణం చదువుకునేంత తెలుగు ఒక ముసలి అయ్యవారు ఇంటికి వచ్చి నేర్పేవాడు. అలా మా ఇంట్లో తెలుగు ధారాళంగా చదవగలిగింది అమ్మ ఒక్కతే. నేను దుకాణాల మీది పేర్లు కూడబలుక్కునేవాణ్ని. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే అదీ మానేసేవాణ్ని.

వికారాబాదు బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పే టీచరుగా చేరి కొన్నేళ్లు గడిపాను. ఆంధ్ర, తెలంగాణ కలిశాక హుకుం వచ్చింది. ఇకమీద పాఠాలు తెలుగులో. ఉర్దూలో చదివిన టీచర్లంతా వాళ్లు చెప్పిన ఒక నవల చదివి వచ్చి, అందులో తమకు నచ్చిన పాత్ర గురించి ఇన్‌స్పెక్టరు ముందు మాట్లాడాలి. తాండూరు బడిలో పరీక్ష. తప్పినవాళ్లను ఉంచరని చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు.

ఊళ్లోని పఠన మందిరం నుంచి ఆ నవల తెచ్చాను. అందులో గడి ఉందనీ దొర ఉన్నాడనీ ఎవరో చెప్పారు. మధ్యాహ్నాలు అమ్మ చదివేది. నేను కళ్లు మూసుకొని వినేవాణ్ని. జ్ఞాపకశక్తి మీద నాకు నమ్మకం ఎక్కువ. గడి మీదికి జనం వచ్చే అధ్యాయం దగ్గర అమ్మ ఆగింది. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. మళ్లీ చదివింది. దొర తలుపు తానే తీశాడు. రుమాలు చుట్టుకొని, మెట్లు దిగి, వాళ్ల మధ్య నుంచి నడిచిపోయాడు.

"నాయిన లెక్కనే ఉన్నడు గదమ్మా!" అన్నాను.

"ఆఁ" అంది అమ్మ, పుస్తకం మీది నుంచి తల ఎత్తకుండా. అంతసేపూ ఆమె ఒక్క పుట కూడా తిప్పలేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

పరీక్ష రోజు రైలెక్కాను. ధారూర్‌లో ఇంకొక టీచరు ఎక్కాడు. మా ఊరివాడే. వాళ్ల నాన్న గొర్రెలు కాసేవాడు. అతనూ ఉర్దూలో చదివినవాడే, అతనికీ ఆ రోజు పరీక్షే. అయినా జొన్నరొట్టె మూట విప్పి నిమ్మళంగా తింటున్నాడు.

"దొరా, జర ఓ ముక్క తిను. మొకం సున్నం కొట్టినట్టున్నది."

"ఆకలి లేదు."

"నాకైతే నిద్రల గుడ నవలనే వస్తున్నది. నేను అండ్ల ముసల్దాన్ని ఎంచుకున్న. అందర్ని తిడ్తది, మా అమ్మ లెక్క. నువ్వెవ్వర్ని వట్టుకున్నవ్?"

"దొరను."

అతను నమలడం ఆపాడు. "గా దొరనా?" అన్నాడు. నా ముఖం చూసి కిటికీ వైపు తిరిగాడు. వాడికేం తెలుసు అనుకున్నాను.

తాండూరు బడి వరండాలో నీలం బండల మీద వరుసగా కూర్చున్నాం. బండ చల్లదనం నడుము దాకా ఎక్కింది. ఒక్కొక్కరే లోపలికి పోయి వస్తున్నారు. ఒక పెద్దాయన, ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాడు, బయటికి వచ్చి గొడుగు తీసుకొని నడిచిపోయాడు. గొడుగు ఆయనది కాదు. ఎవరూ పిలిచి చెప్పలేదు.

నన్ను పిలిచారు. ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు నుంచి వచ్చినాయన, మర్యాదస్తుడు. ఆ మర్యాదే నన్ను మరింత భయపెట్టింది. నేను నిలబడే మాట్లాడాను. దొర మెట్లు ఎలా దిగాడో, జనం ఎలా దారి ఇచ్చారో, సర్వం పోయే వేళ మనిషికి మిగిలేది నడకేనని, అందుకే ఆయన నాకు నచ్చాడని చెప్పాను. బాగా చెప్తున్నానని నాకే తెలుస్తోంది. ఆయన నుదురు మాత్రం ముడుచుకుంటూ పోయింది.

"మీరు చెప్పిన ఘట్టం ఎక్కడుందండీ? నాకు గుర్తు రావడం లేదు. ఒకసారి తీసి చదవండి."

బల్ల మీద ఉన్న పుస్తకాన్ని నా వైపు జరిపారు. గడి అన్న మాట ఆనవాలు పట్టి ఆ అధ్యాయం వెతికాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చదువుతున్న మాటకు అర్థం, ఆ మాట నోటి నుంచి పడ్డాక గానీ నాకు అందడం లేదు. దొర తలుపు తీయలేదు. పనివాడి పంచె కట్టుకొని పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడ ధాన్యం దాచే పాతర ఉంది. బావిలా లోతుగా తవ్విన గొయ్యి, పైన బండ మూత. అందులోకి దిగాడు. పైన అడుగుల చప్పుడు వింటూ మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. చివరికి జనం ఆయన్ను బయటికి లాగారు. ఆయన వాళ్ల కాళ్ల మీద పడ్డాడు.

అక్కడ చదవడం ఆపాను. మా పెరట్లోనూ పాతర ఉండేది.

"ఇప్పుడు చెప్పండి" అన్నారాయన మెల్లగా. "ఇంకా ఈయనేనా?"

పాత్ర మార్చుకొని బయటపడవచ్చు. ముసలామె ఉంది. కానీ "ఈయనే" అన్నాను.

"ఎందుకని? కాళ్ల మీద పడటంతో ఆయన కథ అయిపోయింది కదా."

"అయిపోదండీ. ఆ తరవాత కూడా ఆయన ఒక ఇంట్లో ఉండాలి. పెళ్లాం ముందు, కొడుకు ముందు కూర్చోవాలి. తలుపు మూస్తే ఆయనకు ఊపిరాడదు. అయినా ఎందుకో చెప్పడు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంటాడు."

ఆ మాటలు అన్నాక గానీ నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు.

"ఇది పుస్తకంలో లేదు" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"లేదండీ."

ఆయన చాలాసేపు ఏదో రాసుకొని, వెళ్లవచ్చన్నారు.

తిరుగు రైలులో నేనే అడిగాను. అడగడానికి ధారూర్ దగ్గర పడేదాకా పట్టింది.

"మా నాయిన సంగతి నీకు ఎర్కనా?"

అతను రొట్టె మూట గుడ్డను మడతలు పెడుతూ ఉన్నాడు. "ఊరందరికి ఎర్కనే దొరా. పాతర మీద బండ మూసింది మా నాయిననే. గాలాడనీకి ఇంత సందు ఇడిశి, మందను దోలుకొచ్చి ఆ బండ మీద నిలవెట్టిండు. అందరొచ్చి గొర్లను సూసి పోయిన్రు. పొద్దుగూకేదాంక ఒక్క గొర్రెను కదలనియ్యలే."

"నాకెందుకు చెప్పలే?"

"ఏమని జెప్పాలె? నువ్వు గట్ల నిక్కి నడుస్తుంటే మస్తుండె. మా నాయిన గుడ ఊకోరా అనేటోడు." స్టేషను వచ్చింది. దిగి, నా కిటికీ దగ్గరికి వచ్చి, "పాసైతవ్ తీ, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఇంట్లో అమ్మను ఏమీ అడగలేదు. ఆమె "ఎట్లయింది నాయినా?" అంటే "తెల్వది" అన్నాను. నెల రోజులు పోస్టుమాన్ సైకిలు గంట వినిపించినప్పుడల్లా వాకిట్లోకి వెళ్లి నిలబడేవాణ్ని. కాగితం వచ్చింది. ఉంచారు. చదవడం బాగా అభ్యాసం చేయాలని కింద రాశారు. ఆ ముక్క నేనే కూడబలుక్కొని చదువుకున్నాను.

ఆ మధ్యాహ్నం మళ్లీ అదే నవల తెచ్చి అమ్మ ముందు కూర్చున్నాను. ఆమె చేయి చాపింది.

"నేను సదువుత" అన్నాను.

గడి మీదికి జనం వచ్చే చోటు తీసి, ఉన్నది ఉన్నట్టు చదివాను. పంచె మార్చుకోవడం, పెరడు, బండ మూత. దొర పాతరలోకి దిగే చోట అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నేను ఆగాను. ఆమె వీధి తలుపు వైపు చూస్తోంది.

"పాతర్ల చెడుగాలి ఉంటది నాయినా. ముందుగల లాంతరు దించి సూసిన. నేనే దించిన. ఆరలే. గప్పుడే మీ నాయినను దిగనిచ్చిన."

"సదవాల్నా, ఆపాల్నా?" అన్నాను.

"సదువు" అంది.