రాతి ఇంటి అంకుల్

మంగళవారం పొద్దున టొరంటో వెళ్ళే రైల్లో ఉండగా మా వీధి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పార్కు అంకుల్ ఇక లేరు. తెల్లవారుజామున గుండెపోటట. మిల్టన్‌లో మాకు పక్కింటివారు ఆయన. తర్వాతి స్టేషన్లో దిగిపోయి, వెనక్కి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఏడ్చాను.

టౌన్ ఆఫీసులో పార్కులూ, పాత కట్టడాలూ చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పార్కు మాత్రం ఆయన్ని వదల్లేదు. వాకింగ్‌లో ఒక చేతికి గ్లోవ్ ఉండేది, చెత్త ఏరడానికి. రెండో చెయ్యి మాతో కబుర్లకి అనేవారు. కొత్తగా నాటిన మేపుల్ మొక్కకి మా అమ్మాయి సైకిల్ ఆనిస్తే, "అదే ఇంకా నిలదొక్కుకోలేదమ్మా, దానిమీద నీ సైకిలా?" అని విసుక్కున్నారు. విసుక్కున్నాక నవ్వేవారు కాబట్టే పిల్లలు ఆయన వెంటపడేవారు.

పార్కు చివర ఒక రాతి ఇల్లుంది. మా టౌన్‌హౌసులున్న చోటంతా పొలాలుగా ఉన్నప్పుడు ఇక్కడి రైతులు కట్టుకున్నది. దాన్ని పడగొట్టి పార్కింగ్ వేయించమని మా వీధివాళ్ళం, ఎక్కువగా తెలుగువాళ్ళమే, టౌన్ ఆఫీసుని అడిగాం. వీకెండ్ వస్తే కారు పెట్టే చోటుండదు మరి. కమ్యూనిటీ సెంటర్లో మీటింగ్ పెడితే, అప్పటికింకా ఉద్యోగంలో ఉన్న అంకుల్ లేచి, కుదరదన్నారు.

"మనవాళ్ళయ్యుండి మీరే ఇలా అంటే ఎలా అంకుల్?" అన్నారు మావారు, అందరి ముందూ.

"మనవాణ్ణి గనకే చెప్తున్నా బాబూ. మనం దిగినరోజే ఊరు పుట్టిందనుకుంటే, రేపొచ్చేవాళ్ళూ అట్లాగే అనుకుంటారు. అప్పుడు మనమెక్కడుంటాం?"

ఇల్లు నిలిచింది. ఆయన్ని మాత్రం చాలామంది పక్కన పెట్టేశారు. బర్త్‌డేలకీ, వ్రతాలకీ పిలుపులు ఆగిపోయాయి. ఆయన పట్టించుకున్నట్టు కనబడలేదు గానీ ఆంటీ కుంగిపోయారు. "మనుషుల్ని దూరం చేసిన ఇల్లమ్మా అది. నేనటు పోను," అన్నారు నాతో. వెళ్ళలేదు కూడా.

రిటైరయ్యాక అంకుల్ టౌన్ అనుమతి తీసుకుని శనివారాలు ఆ గోడలు బాగుచేసేవారు. మావారి మనసు ఎప్పుడు కరిగిందో తెలీదు. ఓ రోజు చెప్పాపెట్టకుండా సిమెంటు తెచ్చి, రాళ్ళ సందులన్నీ నున్నగా పూడ్చేసి, అంకుల్‌ని చూడమని పిలుచుకెళ్ళారు. పాత గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక రాయి పగులుతుందని మాకేం తెలుసు? అంకుల్ మెట్టు మీద కూలబడ్డారు. ఇక తిట్లే అనుకున్నాను.

"ప్రేమతో పూశావు," అన్నారు. "తీసేది కూడా అట్లాగే తియ్యాలి. ఉలి పట్టుకోవడం వచ్చా?"

ఈ వేసవంతా ఇద్దరూ కలిసి సిమెంటు తొలిచి, సున్నం పెట్టారు. మావారు మళ్ళీ "మన అంకుల్" అనడం మొదలుపెట్టారు. మిగతా ఇళ్ళవాళ్ళు మాత్రం దూరంగానే ఉండిపోయారు. అంత్యక్రియలకి అందరూ వచ్చారు గానీ, ఆంటీతో ఏం మాట్లాడాలో తెలీక బయటే నిలబడ్డారు. ఈ ఊరు నాదని నాకు నేర్పింది ఆయనే. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, అందుకే మీతో అంటున్నాను.

నిన్న శనివారం. మావారు ఒక్కరే రాతి ఇంటికి బయల్దేరితే నేనూ వెళ్ళాను. కాసేపటికి ఆంటీ వచ్చారు. ఆవిడ వెనక కొంచెం ఎడంగా మా వీధివాళ్ళు కొందరు.

"ఆఖర్న ఆయన ఎక్కడ చేశారు బాబూ?" అని అడిగారు ఆంటీ.

మావారు కిటికీ కింద కప్పి ఉన్న గోనెపట్టా ఎత్తి చూపించారు. పోయిన శనివారం అంకుల్ పెట్టిన సున్నం. "ఇంకా పచ్చిగానే ఉందండీ. నెమ్మదిగా గట్టిపడాలంట. రోజూ తడుపుతుండమన్నారు."

ఆంటీ దాన్ని వేలితో తాకి చూశారు. గోనెపట్టా మళ్ళీ కప్పి, బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి తడపసాగారు. ఆ నీళ్ళు అయిపోయాక, వెనకున్నవాళ్ళలో ఒకరు ముందుకొచ్చి తమ సీసా అందించారు.