కార్తీకంలో చూడవలసిన నేల

2022 జూన్ 9, గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బుతునక లేదు. పడమటి గాలి వేడిగా వీస్తోంది. నాయుడుపేట అవతల హైవేకు దగ్గరగా వేసిన మా వెంచర్‌లో, కొత్తగా పరిచిన గ్రావెల్ రోడ్ల మీద ఎర్రదుమ్ము లేస్తోంది. ఆ సమయానికి దొరవారిసత్రం వైపు నుంచి ఒక రైతు, ఆయన భార్య ఇంటిస్థలం చూడటానికి వచ్చారు.

వారి ఊరి పక్క రోడ్డును వెడల్పు చేసినప్పుడు వారి ఇల్లు పోయింది. పొలం మిగిలింది. ఇంటికి పరిహారం వచ్చింది, కాని అది మళ్లీ వచ్చేది కాదు. దానితో కొన్న స్థలం తప్పయితే రెండో స్థలం కొనే శక్తి వారికి లేదు. అప్పటికి ఎనిమిది నెలలుగా ఆమె అన్నగారి ఇంటి వసారాలో కాపురం ఉంటున్నారు.

రైతు రోడ్లను చూడలేదు, దిక్కులు అడగలేదు. తిన్నగా వెనుక వరుస చివరికి నడిచి, అక్కడి ప్లాటులో గొంతుకూర్చున్నాడు. బీటలువారిన నేల నుంచి ఒక పెళ్ల ఊడదీసి, సీసాలోని నీళ్లు చిలకరించి, వేళ్ల మధ్య నలిపాడు.

“అన్నా, ఈ మన్ను చూడు. వెన్న! మాకు ఇదే ఇయ్యి.”

“అది పల్లం,” అన్నాను. “ఇంటికి పనికిరాదు. ముందు వరుసలో ఒక ప్లాటు మిగిలి ఉంది. ఇసుక నేల, మెరక. అది తీసుకోండి.”

“ఆ ఇసకలోనా? గడ్డి గూడా మొలవదే! పైరు నిలవని చోట మనిషి యాడ నిలుస్తాడన్నా?”

భార్య చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ, “ఏదో ఒకటి తేల్చండయ్యా,” అన్నది. “మా వదిన దినామూ అడగతా ఉండాది, స్థలం కుదిరిందా అని. నవ్వతానే అడగతాది. కోపంగా అడిగినా బాగుండు.”

ఆయన అడిగిన పల్లం ప్లాటు ఆరు సెంట్లు. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపుతో నేనే కొలిచాను: రోడ్డుకన్నా ఇరవై రెండు అంగుళాలు తక్కువ. ఆ అంకె ఆయనకు చెప్పాను. ఆయన సంతోషించాడు. తరతరాలుగా వరి పండించిన మనిషికి ఇరవై రెండు అంగుళాల పల్లం అంటే నీటికి ఇబ్బంది లేని మడి. అక్కడ వెంచర్ పడక మునుపు ఉన్నది కూడా మడే.

అడ్వాన్సు తీసుకొమ్మని ఆయన చెయ్యి చాచాడు. నేను తీసుకోలేదు. కార్తీకంలో వాన పడుతుండగా మళ్లీ రమ్మన్నాను.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. నేను ఈ స్థలాల ఏజెంటు వృత్తిలోకి 1999లో, నలభై మూడో ఏట వచ్చాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు రైసుమిల్లులో వడ్లు కొనే గుమాస్తాను. మిల్లులో తేమ చూడకుండా ధర చెప్పేవారు కారు. గింజ ఎంత బంగారంలా మెరిసినా సరే, తేమ ఎంతో తెలిసిన తరువాతే మాట. నేల వ్యాపారంలోకి వచ్చాక నాకు ఆశ్చర్యం కలిగింది. బస్తా వడ్లను అంత పరీక్షించి కొనే మనుషులు, జీవితకాలపు ఇంటిస్థలాన్ని మే నెలలో, ఎండిపోయి ఉండగా, చెప్పుల దుమ్ము దులుపుకుంటూ చూసి కొంటున్నారు. మా తీరానికి వాన వచ్చేది ఈశాన్యం నుంచి, అక్టోబరు తరువాత. నేల తన స్వభావం బయటపెట్టేది అప్పుడే.

మొదటి నాలుగేళ్లు పొలాలు, దుకాణాలు, పాత ఇళ్లు అన్నీ చూపించాను. 2003 నుంచి తీరప్రాంతపు ఇంటిస్థలాలు మాత్రమే పట్టుకున్నాను. వానలో ఒకసారి చూడనిదే ఎవరికీ అమ్మలేదు. తోటి ఏజెంట్లు నన్ను ‘గొడుగాయన’ అనేవారు. ఎండాకాలపు బేరాలన్నీ వాళ్లకు పోయేవి. అయితే నా వద్ద కొన్నవారు తమ తమ్ముళ్లను, బావమరుదులను నా వద్దకే పంపేవారు. వృత్తి అలా నెమ్మదిగా, చుట్టరికాల వెంట పెరిగింది.

ఎవరి నేల చూపు వారిదని కూడా ఈ పనిలోనే తెలిసింది. 2007లో బోగోలు మండలంలో, చేపలవేట మీద బతికే ఒక కుటుంబానికి సముద్రం బాగా కనిపించే ప్లాటు చూపించాను. నెల్లూరు నుంచి వచ్చేవారు దానికోసం పోటీపడుతున్నారు. ఆ ఇంటి పెద్ద నన్ను జాలిగా చూశాడు.

“పొద్దస్తమానం దాన్నే చూస్తా ఉంటిమి గదన్నా! ఇంటికొచ్చినాక గూడా దాన్నేనా? అది కనపడనిది ఏదైనా ఉంటే చూపించు.”

చూపించాను. కొన్నారు.

రైతు సంగతికి వస్తాను. వెంచర్ యజమాని నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు. అడ్వాన్సు వద్దన్నానని తెలిసి ఆఫీసుకు పిలిపించాడు.

“రెండేళ్లుగా పోని ప్లాటు పెద్దాయనా అది! కావాలని ఆయనే కాళ్లావేళ్లా పడతుంటే, వద్దనే ఏజెంటును నిన్నే చూసినా. ఏం, ఆయన నీకు చుట్టమా?”

“కాదు. రెండు ప్లాట్లూ వాన దాకా ఆపండి.”

“వాన రాకపోతే?”

“వస్తుంది.”

“నవంబరు పదిహేను దాకా ఆపతా. ఆ పొద్దుకి తేలకపోతే పల్లందాన్ని నేనే ఆయనకి రాసిస్తా, మెరకదాన్ని ఇంకొకరికి ఇస్తా. ఈ వెంచర్‌లో నీతో పనుండదు.”

ఆ ఏడు అక్టోబరులో మా వైపు వాన చినుకులతోనే సరిపెట్టింది. రైతు భార్య వారానికోసారి ఫోన్ చేసేది. “అన్నా, మబ్బేమైనా పట్టిందా మీ తట్టు? ప్లాటు తడిసిందా ఎండిందా అని మా వదిన ఇప్పుడు కొత్తగా అడగతా ఉండాది.” నా వద్ద చెప్పడానికి తేదీ లేదు. తేదీ లేని జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ నెల నాకు బాగా గడవలేదు.

నవంబరు 11, శుక్రవారం సాయంత్రం ఈదురుగాలితో వాన మొదలైంది. రాత్రంతా ఆగలేదు. శనివారం ఉదయం ఎనిమిదింటికి భార్యాభర్తలు బస్సు దిగి, యూరియా సంచులను గొంగళ్లలా తల మీద వేసుకుని వచ్చారు. యజమాని కూడా వచ్చి కారులోనే కూర్చున్నాడు.

వెనుక వరుస చివరి ప్లాటులో హద్దురాళ్ల తలలు మాత్రం కనిపిస్తున్నాయి. కప్పలు అరుస్తున్నాయి. నేను కర్ర దించి కొలిచాను: పంతొమ్మిది అంగుళాలు. రైతు పంచె ఎగగట్టి మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు. అంతటి సంతోషం ఆ ఏడాదిలో ఆయన ముఖంలో నేను చూడలేదు.

“చూసినావా మే!” అని భార్యను కేకేశాడు. “కాలవ పెట్టకుండానే నిండింది!”

ఆమె రోడ్డు మీది నుంచి కదలలేదు.

“నిండిందిలేయ్యా, కళ్లారా చూసినా. నారు తెస్తా, వంటింట్లో నాటుదాం. పొయ్యి యాడ పెట్టాలో అదొకటి చెప్పు. మంచం కింద చేపలు పడితే కూరకు కరువుండదు.”

కారులో నుంచి యజమాని నవ్వు వినిపించింది. రైతు నవ్వలేదు. నీళ్లలో నిలబడి, చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. గోడలు ఎక్కడి నుంచి ఎక్కడికి లేస్తాయో, గడప ఎక్కడ ఉంటుందో ఆయన అప్పుడే మొదటిసారి లెక్కవేసుకున్నాడని నా ఊహ. తరువాత గట్టెక్కి, ముందు వరుసకు నడిచాడు. మేమూ వెంట వెళ్లాము.

ఇసుక ప్లాటులో వాన పడినది పడినట్టే ఇంకిపోతోంది. ఆయన మడమతో నేలను రెండుసార్లు తన్నాడు. గుంటలో నీరు నిలవలేదు.

“ఏమీ మొలవదే ఇక్కడ,” అన్నాడు, కొంచెం దిగులుగా.

“మొలవాల్సింది గోడలు గదా,” అన్నది ఆమె.

ఆయన అడ్వాన్సు తీసి నా చేతిలో పెట్టాడు. నేను కారు వద్దకు వెళ్లి యజమానికి అందించాను. ఆయన లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

“గెలిచినావులే పెద్దాయనా. పల్లందానికి ఎండాకాలంలో ఇంకొకడు రాకపోడు.”

“వస్తే ఆయన్ని కూడా కార్తీకంలోనే తీసుకొస్తాను.”

“నీతో పెట్టుకుంటే అది నాకే మిగిలేట్టుంది!”

నవంబరు 28, సోమవారం రిజిస్ట్రేషన్ జరిగింది. మరుసటి ఏడు జూన్ 8న గృహప్రవేశం. వదినగారు అందరికన్నా ముందు వచ్చి, వసారా ఖాళీ అవుతుంటే ఏం తోచడం లేదని కళ్లు తుడుచుకున్నది. రైతు నన్ను చెయ్యి పట్టుకుని వెనుకకు తీసుకువెళ్లి, రెండు పాదులు చూపించాడు. పల్లం ప్లాటు నుంచి తట్టలతో మన్ను మోసుకొచ్చి, ఇసుకలో గుంతలు తీసి నింపాడు. ఒకదానిలో చిక్కుడు, ఒకదానిలో సొర. రెండూ పందిరి పట్టాయి.

ఆ ఎండాకాలంలోనూ, తరువాతి ఎండాకాలంలోనూ పల్లం ప్లాటును ఇద్దరు అడిగారు. వానలో చూసి ఇద్దరూ వద్దన్నారు. యజమాని దాన్ని మెరక చేయించడానికి మట్టి లెక్క వేసుకుని, వచ్చే ధర కన్నా ఖర్చే ఎక్కువని మానుకున్నాడు. ఈలోగా 2023 కార్తీకంలో రైతు ఆయన్ని అడిగి, మూలన చిన్న కాలువ తీసి నీరు తగ్గించి, ఆ ఆరు సెంట్లలో నాట్లు వేశాడు. 2024 ఫిబ్రవరి 25, ఆదివారం కోశాడు. తూకానికి నన్ను పిలిచాడు, వెళ్లాను.

వెంచర్‌లో మొత్తం ప్లాట్లు నలభై ఎనిమిది. అమ్మినవి నలభై ఏడు. అమ్మనిది ఒకటి. దానిలో పండిన వడ్లు నూట ముప్పై తొమ్మిది కిలోలు.