మగ్గం కింది కుక్కకు సప్పిడి చేప

మా బావ గద్వాలలో చీరలు నేసేవాడు. రోజంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. నోరు విప్పితే పక్కనే పడుకునే కుక్కతోనే. మా అక్కతో మాట్లాడటానికి ఆయనకు ఏడాదికి మూడు మాటలు చాలు, అందులో రెండు 'ఊఁ'లు.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో నాకూ ఉద్యోగం అక్కడే, అక్క వాళ్ళ వీధిలోనే అద్దె గది. ఒక ఎండాకాలం కుక్కకు దురద పట్టింది. అది గోక్కుంటే మూడిళ్ళ అవతల గోడల సున్నం రాలేది. దాని వెంట్రుకలు గాలిలో లేచి పట్టు అంచులో చిక్కుకునేవి.

"ఈ చీర మగ్గం దిగేలోపు వెంట్రుకలు ఆగాలె. లేకుంటే కుక్కను కొల్లాపూర్ మామిడితోటకు కావలికి తోలిస్త" అని అక్క తీర్పు చెప్పింది. బావ ముఖం చూడాలి! కన్నకూతుర్ని అప్పగింతలు పెడుతున్నట్టుంది.

కుటుంబంలో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి కుక్కను పశువుల దవాఖానకు తీసుకెళ్ళే భారం నా మీద పడింది. డాక్టరు కుక్కను ఒక్క చూపు చూశాడు.

"కోడి కూర పెడ్తుండ్రా? బంద్ జెయ్యిండ్రి, కొన్నిటికి పడదు. చేప పెట్టుండ్రి. ఉడకబెట్టాలె, ముండ్లు తియ్యాలె. ఉప్పు, కారం, ఉల్లి, ఎల్లిగడ్డ ఏదీ పడొద్దు."

"ఏ చేప సార్?" అని అడిగేసరికి ఆయన చెయ్యి మోచేతి దాకా ఒక బర్రె లోపల ఉంది. అలాంటి సమయంలో మనిషిని రెండోసారి అడగలేం.

ఆఫీసులో అడిగాను. వనపర్తి ఆయన "బొచ్చె చేప ఒంటికి వేడి, రవ్వ చేప పెట్టు" అన్నాడు. నాగర్‌కర్నూల్ ఆయన "రవ్వ వేడి, బొచ్చె పెట్టు" అన్నాడు. ఇద్దరూ ఆ సాయంత్రం దాకా కొట్లాడుకున్నారు, ఒక్క ఫైలూ కదల్లేదు. హైదరాబాద్ నుంచి కుక్కల మేత పొట్లం తెప్పించాను. దాని మీద తిమింగలమంత చేప బొమ్మ. వెనక చీమ తలకాయలంత అక్షరాలను భూతద్దం పెట్టి చదివితే మొదట కోడి, తర్వాత మక్కజొన్నలు, ఆ తర్వాత ఇంకేవో పిండ్లు. ఉప్పు కూడా దాటాక, చిట్టచివర, సిగ్గుపడుతూ నిలబడ్డట్టు చేప! చేప పొట్లంలో కోడి ఎందుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని పక్కన పెట్టి కృష్ణ మీది జూరాల డ్యాం చేపే తేవాలని తీర్మానించాను.

ఇంకో చిక్కు. "మగ్గమున్న ఇంట్ల చేప ఉడకొద్దు. పట్టుకు వాసన పడితే షావుకారు చీర మొకాన గొడ్తడు" అంది అక్క. అందుకని గోడ అవతలి ఇంట్లో ఉండే, గల్లీ అంతా 'ఖాలా' అని పిలిచే ముస్లిం పిన్నిని వండిపెట్టమని బతిమాలాను. "అయ్యో బేటా, మూగజీవానికి చెయ్యకుంటే ఎట్ల? తే" అందామె. డాక్టరు చెప్పిందంతా పూసగుచ్చినట్టు అప్పజెప్పాను. ఆమె తలూపింది.

రెండు వారాలు గడిచాయి. కుక్క గిన్నెను అరిగిపోయేలా నాకేది. దురద మాత్రం రెట్టింపైంది. రవ్వ మార్చి బొచ్చె, బొచ్చె మార్చి కొర్రమీను తెచ్చాను. కృష్ణలో నాకు వరసకాని చేప లేదు. బావ ఇంకో దారి పట్టాడు. మగ్గం చప్పుడు ఆగేది కాదు, కానీ చీర పెరిగేది కాదు.

అక్క మూరేసి చూసింది. "నిన్న గింతే ఉండె, ఇయ్యాల గింతే ఉంది. చీర ఎనక్కి నడుస్తుందా?"

"ఊఁ" అన్నాడు బావ.

ఒక మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి ఆకలితో వచ్చి ఖాలా దగ్గర కుక్క గిన్నె అందుకున్నాను. మూత సందులోంచి వాసన నా మెడ పట్టుకుంది. గల్లీ మలుపులో, ఎవరూ లేరని చూసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నా పెళ్ళిలో కూడా అంత మంచి పులుసు తినలేదు!

వెనక్కి పరిగెత్తాను. "ఖాలా, ఇందులో ఏమేమి ఏసినవు?"

"ఏం లేదు బేటా. జరంత ఉప్పు, జరంత కారం, అల్లం ఎల్లిగడ్డ, చింతపండు..."

"డాక్టరు వద్దన్నడని చెప్పిన గదా!"

"డాక్టర్‌కేం ఎరుక? నా చేతి సప్పిడి కూడు ఈ గల్లీల ఎవరన్న తిన్నరా? రేపు అల్లా అడిగితే ఏం చెప్పాలె?"

మర్నాటి నుంచి నేను పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుని కాపలా కాశాను. ఖాలా వట్టి నీళ్ళల్లో చేపను ఉడకబెడుతూ, కుక్కకు అన్యాయం జరుగుతోందని ముక్కు చీదేది. కుక్క మూడు రోజులు ఆ గిన్నెకేసి, నాకేసి మార్చి మార్చి చూసింది. నాలుగోనాడు తిన్నది.

బావ ఎంత సాగదీసినా చీర ఒకనాడు దిగింది. అప్పటికి కుక్క వీపు మీద బట్టతల నడుమ కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి, గోకుడు తగ్గింది. అక్క చీరను వాకిట్లో వెలుతురుకు పరచి, అంచు చివరి నుంచి చివరి దాకా వెతికింది. ఒక వెంట్రుక దొరికింది. గోటితో లాగి, ఎండకు పట్టి చూసింది. సగం నలుపు, సగం తెలుపు. కుక్క వీపు మీద పెట్టి చూసింది. బావ నెత్తి మీద పెట్టి చూసింది. మళ్ళీ కుక్క మీద.

"ఇది దానిదా, నీదా?"

బావ గొంతు సవరించుకుని, ఆ ఏడాది మూడో మాట అన్నాడు: "నాదే."

అక్క వెంట్రుకను ఊదేసి, చీర మడత పెడుతూ నా వైపు తిరిగింది. "నువ్వేం జూస్తున్నవ్‌రా? పొద్దెక్కుతుంది, పోయి కుక్కకు చేప తేపో."

ఏ చేప తేవాలో మాత్రం చెప్పలేదు.